తడిపిన నవారు

రెండు మూడేళ్ళకోసారి నా ఎడమకాలి డొప్ప మార్పించుకోవాలి. డొప్ప అంటే మరేం కాదు, పిక్క వెనక నుంచి మడమ మీదుగా అరికాలి కిందికి వంగి, పాదం వేలాడిపోకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగు. డాక్టర్లు దానికేదో పెద్ద పేరు చెబుతారు గానీ మా ఇంట్లో మొదటి నుంచీ డొప్ప అనే అన్నాం, ఇప్పుడు మార్చుకోవడం నా వల్ల కాదు. పోయిన నెల ఆ పని మీదే రాజమండ్రిలో ఒక దుకాణానికి వెళ్ళి నా వంతు కోసం కూర్చుంటే, ఎదురు బల్ల మీద ఐదారేళ్ళ పాప ఒకతె కాళ్ళూపుకుంటూ రంగుల కాగితాలు తిరగేస్తోంది. ఈమధ్య డొప్పల మీద బొమ్మలు కూడా వేస్తున్నారు, సీతాకోకచిలుకలు, చేపలు, కార్లు, పిల్లలు ఏది అడిగితే అది. పాప చేపల్ని ఎంచుకుంది. కొలతలు తీసుకున్నాయన పాప తల్లితో, ఇంట్లో ఉన్నప్పుడు కూడా వేసే ఉంచాలండి, ఊరికే తీసెయ్యకండి అని చెబితే, ఆవిడ కాస్త వింతగా చూసి, "ఇంట్లో వెయ్యక ఇంకెక్కడ వేస్తామండి?" అంది.

నాకు ఆ పాప మీద అసూయ కలిగింది. నలభై దాటిన మనిషికి పసిపిల్ల మీద అసూయ ఏమిటని మీరు నవ్వుకోవచ్చు, నవ్వుకోండి. నా వయసువాళ్ళు, అందులోనూ కోనసీమలో మడి ఇళ్ళల్లో పెరిగినవాళ్ళు మాత్రం నవ్వరనే నా నమ్మకం.

మాది అమలాపురానికి దగ్గర్లో ఒక అగ్రహారం. నాన్నగారు పక్క ఊళ్ళో ఎలిమెంటరీ బడి మేష్టారు. ఇంట్లో ఆయన, అమ్మ, నేను, మా బామ్మ. బామ్మని చివర చెప్పాను గానీ లెక్కకి ఆవిడే ముందు. తాతగారు పోయినప్పటి నుంచీ ఇంటి తాళాలూ, వంటిల్లూ, దేవుడి మందిరమూ, నాన్నగారి నోరూ అన్నీ ఆవిడ చేతిలోనే ఉండేవి. పొద్దున్నే నూతి దగ్గర స్నానం చేసి మడి కట్టుకుంటే మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఆవిడ దరిదాపులకి ఎవరూ పోకూడదు, పోతే ఆవిడ మళ్ళీ స్నానం చెయ్యాలి, చేసిన వంట మళ్ళీ చెయ్యాలి, ఆ చాకిరీ అంతా అమ్మ మీద పడేది. ఇలాంటి జ్ఞాపకాలు రాసేటప్పుడు, ఎంత కఠినంగా ఉన్నా మనసు మాత్రం వెన్న అని ఒక మాట రాయడం మర్యాద. నేను రాయను. పనసపొట్టు కూర ఆవిడ చేసినట్టు మరెవరూ చెయ్యలేరు, అంతవరకు ఒప్పుకుంటాను.

నాకు ఏడాదిన్నర వయసులో పెద్ద జ్వరం వచ్చి తగ్గింది గానీ, తగ్గుతూ తగ్గుతూ ఎడమకాలిని మోకాలి కింద నుంచి చచ్చుబరిచి పోయింది. పాదం ముందుకి వేలాడేది, మడమ పైకి లేచి ఉండేది. కుడికాలు మామూలుగా వేసి, ఎడమకాలిని తొడతో ఎత్తి విసిరినట్టు వేస్తే గానీ అడుగు పడేది కాదు, అదీ మునివేళ్ళ మీద. ఆ రోజుల్లో మన ఊళ్ళల్లో ఇలాంటి పిల్లలు వీధికొకరు ఉండేవారు, వాళ్ళకి పెట్టిన పేర్లూ మీకు తెలుసు. నాకు ఆ పేరు బయటివాళ్ళు పెట్టలేదు. అన్నాల వేళ వంటింట్లోంచి, కుంటిదాన్ని పిలవండే, అన్నం చల్లారిపోతోంది అని బామ్మ కేకేసేది. అందులో కోపం లేదు, వెటకారం లేదు, పెద్దదాన్ని పిలవండి, చిన్నదాన్ని పిలవండి అన్నట్టే అనేది. కోపంగా అని ఉంటే తిరిగి కోపం తెచ్చుకుందును.

మా ఊళ్ళో బడి ఐదో క్లాసుతో సరి. ఆరో క్లాసుకి వెళ్ళాలంటే కాలువ అవతల ఉన్న హైస్కూలుకి పోవాలి. కాలువ మీద వంతెన అంటే రెండు తాటిదుంగలు, వాటి మీద అడ్డంగా కొట్టిన చెక్కలు, పట్టుకోవడానికి ఒక పక్క వెదురు గెడ, అంతే. నాన్నగారి బడి దీనికి పూర్తిగా వ్యతిరేక దిక్కున ఉండేది, ఆయన నాకంటే ముందే సైకిలెక్కి వెళ్ళిపోవాలి. రోజూ ఎవరో ఒకరు ఎత్తుకుని దాటించే వయసూ కాదు. ఆ వంతెన దానంతటది దాటగలిగితే హైస్కూలుకి పంపండి, లేకపోతే ఐదుతో మానిపించండి, కాలవలో పడితే ఎవరు తియ్యాలి అని బామ్మ తేల్చేసింది. నాన్నగారు సరేనన్నారు. నా చదువు ఆ విధంగా నా ఎడమ మడమ మీదికి వచ్చింది, అది నేలకి ఆనితే హైస్కూలు, ఆనకపోతే ఇల్లు.

నన్ను మొదటిసారి రాజమండ్రి ఎముకల డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళింది రెండో క్లాసులోనో మూడో క్లాసులోనో. రావులపాలెం మీదుగా బస్సు. గోదావరి స్నానం కలిసొస్తుందని బామ్మ కూడా బయల్దేరింది, ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా అలాగే బయల్దేరేది. డాక్టరమ్మగారు నా కాలు అటూ ఇటూ తిప్పి చూసి, ఎదిగే వయసులో పాదాన్ని రోజంతా తిన్నగా పట్టి ఉంచితే మడమ కిందికి దిగుతుంది, వదిలేస్తే మడమ వెనక నరం పొట్టిదైపోయి అలాగే బిగుసుకుపోతుంది, అప్పుడిక కోసి సాగదియ్యడమే అని చెప్పారు. మొదట మాకు చేసిచ్చింది డొప్ప కాదు, బూటు. తోలు బూటు, దానికి రెండు పక్కలా ఇనప ఊచలు, మోకాలి కింద బిగించడానికి తోలు పట్టా.

కొలతలు తీసుకునేటప్పుడు నాన్నగారు, ఎదిగే పిల్ల కదండి, కాస్త వదులుగా చెయ్యండి, రెండేళ్ళొస్తుంది అన్నారు. మన తరం యూనిఫారాలన్నీ అలా కుట్టించినవే కదా, పిక్కల దాకా వేలాడే గౌన్లు, మడతలు పెట్టి కుట్టిన అంచులు, ఏటా ఒక మడత విప్పుకుంటూ పోవడం. గౌను వదులైతే నడుం దగ్గర పిన్నీసు పెట్టుకోవచ్చు. కాలిని పట్టి ఉంచాల్సిన బూటు వదులైతే లోపల కాలు దాని దారిన అది పోతుంది. బూటు చేసినాయన మేష్టారు చెప్పారు కదా అని తలూపి వదులుగానే చేశాడు.

అయినా అది వదులో బిగువో తేలే అవకాశమే రాలేదు. తెచ్చిన రోజే వీధి అరుగు దగ్గర బామ్మ ఆపేసింది. "చచ్చిన గొడ్డు తోలు నా గడప దాటదు. అక్కడే విప్పి లోపలికి రండి," అంది. ఇక ఆ బూటు కాపురం అరుగు మీదే, ఒక పాత తట్ట కింద. బడికి వెళ్ళేటప్పుడు అరుగు మీద తొడుక్కోవడం, వచ్చాక అరుగు మీద విప్పడం. బడిలోనూ అంతే, పిల్లలందరూ చెప్పులు బయట వదిలి నేల మీద కూర్చునేవాళ్ళు, నేనొక్కదాన్నీ బూటుతో ఎలా కూర్చోను? మొత్తానికి రోజంతా ఉండాల్సిన బూటు ఇంటికీ బడికీ మధ్య ఉన్న ఆ కాస్త దారిలో మాత్రం నా కాలికి ఉండేది. ఇంట్లో గోడ పట్టుకుని మునివేళ్ళ మీద తిరిగేదాన్ని. మడమ ఒక్క పిసరు కిందికి దిగలేదు.

అమ్మ మాటకారి కాదు. అలాంటిది నాలుగో క్లాసు వేసవి సెలవుల్లో మళ్ళీ రాజమండ్రి వెళ్ళినప్పుడు, బామ్మ ఇంకా రేవు నుంచి రాకముందే, మా ఇంట్లో తోలు లోపలికి రానివ్వరండి, రోజంతా కాలికి ఉండేది ఇంకేదైనా ఉందా అండి అని డాక్టరమ్మగారిని అడిగేసింది. డాక్టరమ్మగారు విసుక్కోలేదు. మీ ఇంట్లో ప్లాస్టిక్ బకెట్లు లేవా, వాటికి లేని మైల దీనికేమిటి, ప్లాస్టిక్ డొప్ప చేయిద్దాం, అసలు ఈ పిల్లకి అంత బరువు ఇనుము అక్కర్లేదు, పాదం వేలాడకుండా ఉంటే చాలు అన్నారు. నా కాలికి సున్నంలాంటి పిండి పట్టించిన తడిగుడ్డలు చుట్టి, ఆరాక కోసి తీసి, ఆ అచ్చు మీద తెల్లటి డొప్ప పోశారు. ఈసారి నాన్నగారు వదులు మాట ఎత్తబోతే డాక్టరమ్మగారు గట్టిగా ఒక చూపు చూశారు.

ఇప్పుడు పిల్లలకి ఇలాంటివి చేయించే తల్లిదండ్రులు నన్ను సలహా అడుగుతుంటారు, ఆ రోజు డాక్టరమ్మగారు అమ్మకి చెప్పిందే నేనూ చెబుతాను. చూడాల్సింది మడమ. డొప్ప వేశాక మడమ దాని అడుక్కి ఆని కూర్చోవాలి, మధ్యలో వేలు దూరే సందు ఉన్నా ఆ డొప్ప దండగే. పెరుగుతారని సందు వదలాలంటే వేళ్ళ దగ్గర కొంచెం వదలొచ్చు, మడమ దగ్గరా చీలమండ దగ్గరా వదలకూడదు. కింద పొడి మేజోడు ఉండాలి. మొదట్లో కాసేపు వేసి తీసి ఒళ్ళు చూడాలి, ఎర్రగా కందినది కాసేపట్లో పోతే ఫరవాలేదు, పోకుండా ఉండిపోతే అక్కడ డొప్ప గీకించాలి. గట్టిదా మెత్తదా, పొడుగుదా పొట్టిదా అన్నది ఆ పిల్ల నడకని బట్టి ఉంటుంది, పక్కింటి పిల్లకి పనికొచ్చింది కదా అని తెచ్చి తొడిగితే లాభం లేదు. అన్నిటికీ ముందు, ఆ ఇంట్లో ఆ పిల్ల రోజంతా దాన్ని వేసుకునే వీలుందా అని అడగాలి. ఈ చివరిది మాత్రం నేను చేర్చింది.

డొప్ప ప్లాస్టిక్కే గానీ దాని పట్టాలు తోలువి. చర్రుమని ఊడొచ్చే అంటుడు పట్టీలు ఇప్పుడొచ్చాయి, అప్పట్లో మాకు దొరికింది తోలు పట్టా, ఇత్తడి బకిలు. ఆ సంగతి డాక్టరమ్మగారికి తట్టలేదు, అమ్మ గమనించింది గానీ పైకి అనలేదు. బామ్మ మాత్రం అరుగు దగ్గరే పట్టేసింది. తను ముట్టుకోదు కాబట్టి, నాన్నగారి గడ్డం బ్లేడు తెప్పించి అమ్మ చేతే ఆ పట్టాలు కోయించింది. కొత్త తోలు తెగక అమ్మ చాలాసేపు కోసింది, మధ్యలో వేలు తెగింది. నాన్నగారు అక్కడే పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నాకు బామ్మ మీద ఉన్న కోపం ఎంతదో ఆయన చేతిలోని ఆ పేపరు మీదున్న కోపమూ అంతదే.

పట్టాలు లేని డొప్ప కాలికి నిలవదు. మూడోనాడు అమ్మ అటక మీది పాత మంచం నవారు కిందికి దించి, బాగున్న చోట ముక్కలు కోసి, అంచులు కుట్టి, డొప్ప చిల్లుల్లోంచి దూర్చి, పిక్క దగ్గర ఒకటీ చీలమండ దగ్గర ఒకటీ ముడేసింది. నూలు కాబట్టి బామ్మకి అభ్యంతరం లేకపోయింది, ఒకసారి తడిపి ఆరేశాక లోపలికి రానిచ్చింది. ఆ వేసవంతా నేను దాన్ని విప్పలేదు. మంచి ఎండలు, సెలవులు, బయటికి పోయే పని లేదు, పొద్దున్న స్నానమయ్యాక కడితే రాత్రి పడుకునేదాకా కాలికే ఉండేది. నేను గోడ వదిలేశాను. వంటింటి గడప దాకా, పెరట్లో నూతి దాకా, వీధిలో అరుగు చివరి దాకా నాకు నేను నడిచాను. మే నెలాఖరుకి ఒక రోజు అమ్మ డొప్ప విప్పి, నన్ను నిలబెట్టి, నా మడమ కింద కాగితం పెట్టి లాగింది. కాగితం రాలేదు. అమ్మ నేల మీద చతికిలబడి నా పాదం రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చింది, నేను నవ్వాను.

కాలువలు కట్టేసే రోజులవి, వంతెన కింద బురద తప్ప నీళ్ళు లేవు. ఆ ధైర్యంతో ఒక సాయంత్రం అమ్మ నన్ను అక్కడికి తీసుకెళ్ళి, తను ఈవలి గట్టునే ఉండి, వెళ్ళు అంది. నేను గెడ పట్టుకోకుండా అవతలి గట్టుకి వెళ్ళాను, వెనక్కి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. అవతలి గట్టు మీద నిలబడి చూస్తే కొబ్బరితోట సందుల్లోంచి హైస్కూలు పెంకులు కనబడ్డాయి. ఇంకొక్క ఏడాది గడిస్తే ఆ పెంకుల కింద కూర్చుంటానని అనుకున్నాను. నా చిన్నతనంలో నేను పూర్తిగా సంతోషంగా ఉన్న సాయంత్రం ఏదని ఎవరైనా అడిగితే అదే చెబుతాను.

జూన్‌లో బళ్ళు తెరిచారు. డొప్పతో బడికి వెళ్ళి డొప్పతో ఇంటికి వచ్చాను. బామ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ప్లాస్టిక్ సరే, కడిగితే పోతుంది, నూలుకి బడి మైల అంటుకుంది అంది. బడిలో నేను ఎవరెవరి పక్కన కూర్చుంటానో, ఎవరెవరి పిల్లలు నా పట్టీ ముడేసి సాయపడతారో ఆవిడకి తెలుసు, వాళ్ళ ఇంటిపేర్లతో సహా చెప్పింది. అక్కడే నిలబెట్టి చెంబెడు నీళ్ళు నా నవారు మీద పోసింది. తడిసిన నూలుకి మైల లేదు కాబట్టి అప్పుడు లోపలికి రావచ్చు. పొద్దున్న బడికెళ్ళేటప్పటికి ఆరేది కాదు, వానలు పట్టాయి, ఆరని నవారే కట్టుకుని వెళ్ళడం, సాయంత్రం మళ్ళీ చెంబెడు నీళ్ళు. అమ్మ రెండో జత కుట్టి ఇంట్లోకి విడిగా పెడితే, బడికెళ్ళొచ్చిన కాలికి కట్టాక అదీ మైలేనంటూ బామ్మ దాన్నీ తడిపింది. పగవాళ్ళనైనా ఇంత ఓపిగ్గా ఎవరూ సాధించరు. ఆవిడకి నా మీద పగ కూడా లేదు.

తడి నవారు ముడి నిలవదు. నడుస్తుంటే సాగిపోయి, డొప్పలో మడమ పైకీ కిందికీ ఆడేది, నానిన చర్మం ప్లాస్టిక్‌కి రాసుకునేది. శ్రావణ మాసం వచ్చేసరికి మడమ వెనకా పిక్క మీదా పుండ్లు పడ్డాయి. కాలు చచ్చుబడింది గానీ నొప్పి తెలియకుండా పోలేదు, ఇలాంటి కాళ్ళ గురించి చాలామంది అలా అనుకుంటారు. పుండు మానేదాకా డొప్ప వెయ్యడానికి లేదు. మానడానికి వారాలు పట్టేది, మానాక వేస్తే మళ్ళీ తడి, మళ్ళీ పుండు. ఆ మధ్య రోజుల్లో మడమ పైకి జరిగింది. మా అమ్మ రాత్రిళ్ళు నా పాదాన్ని చేత్తో కిందికి నొక్కి పట్టుకుని కూర్చునేది, వదలగానే అది పైకి లేచేది. సంక్రాంతి దాటాక పుండ్లన్నీ మాని డొప్ప తొడిగితే, మడమకీ డొప్ప అడుక్కీ మధ్య అమ్మ బొటనవేలు దూరింది.

మళ్ళీ రాజమండ్రి. ఈసారి నలుగురం లోపలికి వెళ్ళాం. డాక్టరమ్మగారు నా పాదాన్ని కిందికి నొక్కి చూశారు, డొప్పలో పెట్టి చూశారు, పుండ్లు మానిన మచ్చలు చూశారు. తర్వాత డొప్పని బల్ల మీద పెట్టి అమ్మకేసి తిరిగారు. "ఏమ్మా, ఇది అటక మీద పెట్టుకోడానికిచ్చానా నీకు? రోజంతా వెయ్యమని అంత చెప్పాను కదా. కన్నతల్లివేనా నువ్వు?" అన్నారు. బయట కూర్చున్న రోగులంతా తలలు లోపలికి పెట్టి చూశారు. అమ్మ బల్ల మీది డొప్ప తీసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు నా పక్కన కూర్చున్న బామ్మ, "నేనూ అదే చెప్తున్నానండి డాక్టరమ్మగారూ. మా మాట వింటేనా అండి," అంది. నాన్నగారు బస్సు టైము కనుక్కుంటానని లేచి బయటికి వెళ్ళారు.

నాకప్పుడు పదేళ్ళు. జరిగింది జరిగినట్టు చెప్పాలని నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఎందుకు నొక్కిందో నాకు ఆ రోజే తెలుసు, మేం మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి.

ఆ వేసవిలో కాలు కోసి మడమ వెనక నరం సాగదీశారు. సిమెంటు కట్టు, అది విప్పాక మళ్ళీ కట్టు, ఆ తర్వాత కుట్ల దగ్గర చీము పట్టి మళ్ళీ ఆసుపత్రి. చివరికి మడమ నేలకి ఆనింది గానీ చీలమండ కొయ్యలాగా బిగిసిపోయింది, ఎగుడుదిగుడు చోట ఇప్పటికీ నిలబడలేను. నా తోటి పిల్లలు ఆరో క్లాసు పుస్తకాలు పట్టుకుని వంతెన దాటుతున్నప్పుడు నేను మంచం మీద ఉన్నాను, వాళ్ళు ఏడుకి వచ్చేసరికి కర్రతో పెరట్లో తిరుగుతున్నాను. ఆ నడకతో ఆ వంతెన కుదరదని అందరికీ కనబడుతూనే ఉంది. బామ్మ కొత్తగా చెప్పాల్సిందేమీ లేకపోయింది. పదో తరగతి ఇంట్లోనే చదివి ప్రైవేటుగా కట్టాను, మిగతా చదువూ అలాగే, ఉత్తరాల మీద. క్లాసులో వెనక బెంచీ ఎలా ఉంటుందో, మేష్టారు బోర్డుకేసి తిరిగినప్పుడు ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. మీరందరూ కలుసుకున్నప్పుడు హైస్కూలు కబుర్లు మొదలుపెడితే నేను వింటూ కూర్చునే మనిషిని.

నాకు పద్దెనిమిదో పంతొమ్మిదో వచ్చిన ఏడాది బామ్మకి పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ముప్పు తప్పింది, మాట నిలిచింది, కుడిపాదం మాత్రం వేలాడిపోయింది. ఆశ్చర్యమేమీ లేదు, వేలాడే పాదానికి ఎక్కడైనా ఒకటే మందు. తెల్లటి డొప్ప చేసిచ్చారు. అంటుడు పట్టీలు అప్పటికి వచ్చినా, పెద్దావిడ, భారీ మనిషి, ఆగవని తోలు పట్టాలే వేశారు. ఇంటికి తెచ్చి పడకగదిలో మంచం మీద పెట్టారు. బామ్మ ఆ పట్టాలకేసి చూసి నాన్నగారికేసి చూసింది. నాన్నగారు పేపరు మడిచారు. "మందుగా వేసుకునేదానికి మడేమిటమ్మా. వేసుకో," అన్నారు.

ఆ ఒక్క మాట. దాని కోసం సిద్ధాంతిగారిని పిలవలేదు, పంచాంగం తియ్యలేదు. బామ్మ సరేనంది. ఆ రోజు నుంచి పొద్దున్నే అమ్మ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని పొడి మేజోడు తొడిగి, డొప్ప పెట్టి, మడమ ఆనిందో లేదో వేలుతో చూసి, బకిళ్ళు బిగించేది. బామ్మ ఆ తోలుతో గడపలన్నీ దాటింది. వంటింట్లోకి వెళ్ళింది, మందిరం ముందు కూర్చుని దీపం పెట్టింది. నేను అమ్మకేసి చూస్తూ ఉండేదాన్ని, అమ్మ నాకేసి చూసేది కాదు. ఒక రోజు అమ్మ బకిలు పెడుతుండగా, పక్కన నిలబడ్డ నాతో బామ్మ, "ఇదేదో బాగానే ఉందే, అడుగు తిన్నగా పడుతోంది. నీకూ చిన్నప్పుడు ఇలాంటిదే ఉండేది కదే. ఎందుకు మానేశావు?" అంది.

ఆవిడ నటించలేదు. నిజంగానే మర్చిపోయింది. ఏళ్ళ తరబడి లోపల సిద్ధం చేసుకున్న జవాబు ఒకటి నా దగ్గర ఉండేది, అది ఆవిడకి చెప్పినా ఎవరి గురించో చెప్పినట్టు వింటుందని అప్పుడే తెలిసింది. అమ్మ బకిలు బిగించి లేచి, చేతులు కడుక్కుని, వంట చూసుకోవడానికి వెళ్ళిపోయింది. నేను చెప్పలేదు. క్షమించీ కాదు, పెద్దరికం చూసీ కాదు, దండగనిపించింది, అంతే. ఆవిడ ఆ డొప్పతోనే మరి నాలుగేళ్ళు ఇంట్లో సుఖంగా తిరిగాక పోయింది.

కాలం మారింది అని మనవాళ్ళు బాధపడుతుంటే నాకు ఒక పట్టాన అర్థం కాదు. మంచికే మారింది. చేపల బొమ్మల డొప్ప వేసుకునే పిల్లని గడప దగ్గర ఎవరూ ఆపరు, ఆపాలన్న ఊహ కూడా ఎవరికీ రాదు. నాకు దిగులేసేది ఆ ఆచారం పోయిన తీరు తలుచుకుంటేనే. దాని మీద ఎవరూ పోట్లాడలేదు, ఎవరూ గెలవలేదు, ఫలానా రోజున పోయిందని చెప్పడానికి గుర్తైనా లేదు. ఇళ్ళల్లో గచ్చులు పోయి నున్నటి రాళ్ళొచ్చాయి, పెద్దవాళ్ళకి మోకాళ్ళ నొప్పులొచ్చాయి, డాక్టర్లు ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమన్నారు, వేసుకున్నారు, అంతే. అంత తేలిగ్గా పోయేదే అయితే నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు పోవడానికి ఏం అడ్డొచ్చింది?

నాన్నగారు పోయాక అమ్మ రాజమండ్రిలో నా దగ్గరే ఉంటోంది. నాకు ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, మెట్లు ఎక్కనక్కర్లేని కింది వాటా. అమ్మకి ఇప్పుడు మడమ నొప్పి, పొద్దున్న లేవగానే అడుగు వెయ్యలేదు, మెత్తటి చెప్పులు కొనిచ్చాను. అవి వేసుకుని వంటింట్లో తిరుగుతుంది. నేను ఆ గుమ్మంలోకి వచ్చేసరికి మాత్రం గబగబా విప్పి పొయ్యిగట్టు కిందికి కాలితో నెట్టేసి, వట్టి కాళ్ళతో నిలబడుతుంది. వేసుకో అమ్మా, నొప్పి కదా అంటాను. ఫరవాలేదులే అంటుంది, నేలకేసి చూస్తూ. ఎన్నిసార్లు చెప్పినా నా ఎదుట వేసుకోదు. నేను ముందుగదిలోకి వచ్చి కూర్చుంటాను, కాసేపటికి వంటింట్లోంచి ఆ చెప్పుల చప్పుడు మళ్ళీ మొదలవుతుంది.